సురవరము ప్రతాపరెడ్డిగారు: దాతను విచారించుట

సత్కార్యమునకు ధనము కూర్పబూనినవారికి మొదట నెదురగు ప్రశ్న యొకటి కలదు. దాతనుగూర్చి యెంతవఱకు విచారింపవలెను? ఏమియు నెఱుగక గడప ద్రొక్కినచో, ఈయజాలనివానిని సిగ్గుపఱతుము. ఈయగలవానిని స్వల్పముతో విడిచివత్తుము. మితిమీఱి విచారించినచో యాచకుడు గూఢచారి యగును. ఆలంపురసీమలో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితమును ఈ దృష్టితో మఱల స్మరించుట యుచితమని మేము తలంచుచున్నాము.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన బోరవెల్లిలో జన్మించిరి. స్వగ్రామము ఇటిక్యాలపాడు. నాడు ఆలంపురము తాలూకా నైజాము రాష్ట్రమున రాయచూరు జిల్లాలోనిది. 1956లో పాలమూరు జిల్లాలో జేరినది. వారు కర్నూలులో సంస్కృతాంధ్రములు నేర్చి, మద్రాసులో పట్టభద్రులై, న్యాయశాస్త్రమును గూడ చదివిరి. వకీలు వృత్తిలో ధనార్జనకు వీలుండియు ప్రజాసేవనే వరించిరి.

హైదరాబాదున రెడ్డి వసతిగృహ కార్యభారమును వారు కొన్ని సంవత్సరములు వహించి, అందలి గ్రంథాలయమును పెంపొందించిరి. ఆ గృహమును 1918లో నెలకొల్పినవారిలో ముఖ్యులు వనపర్తి సంస్థానమున బుట్టిన వెంకటరామారెడ్డిగారు. వీరు 1920 మొదలు 1934 వఱకు నగర కొత్వాలుగా నుండిరి. వీరి జీవితచరిత్రమును ప్రతాపరెడ్డిగారే రచించిరి. కొత్వాలు పదవిలో నున్నవారికి ఎవరి యాస్తి తాకట్టున నున్నదో, ఎవరి యింట దాయాదుల వ్యాజ్యమున్నదో తెలియకపోదు. అట్టి యధికారి చందా యడిగినచో కాదనగలవా రెందఱు? వెంకటరామారెడ్డిగారు తమ పదవి నట్లు వాడిరని మే మనుట లేదు. అట్టి యెఱుక యందే అపాయము కలదనుచున్నాము. భయముచే నిచ్చినది దానము కాదు, పన్ను.

1926 మే 10వ తేదీన ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. అది సభ జరుపుటకైనను సర్కారు అనుమతి కావలసిన కాలము. తెలుగు ఉద్యమమునకు ధనమిచ్చినవారి పేళ్లపట్టిక పరుల చేత బడినచో, ఇచ్చినవారికే కీడు మూడవచ్చును. కావున కార్యకర్త వ్రాసికొను ప్రతి యక్షరమునకును అతడే పూచీదారు.

నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న యాక్షేపమునకు జవాబుగా 1934లో వారు గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 354 మంది కవులు అందు జోటుచేసికొనిరి. ఇదియు నొక చందాయే. ధనమునకు మాఱు పద్యము. కవి పేరు, ఊరు, కవిత్వము తెలిసిన కార్యము నెఱవేఱెను. ఇంటి గుట్టుతో పని లేకపోయెను. ఇంతకన్న మంచి యుదాహరణము మాకు దోచదు.

దాతను గూర్చి తెలియవలసినవి నాలుగు: ఇచ్చుటకు శక్తి, కార్యమునందు మక్కువ, మనతో నతని సంబంధము, ధనము వచ్చిన త్రోవ. చిన్న చందాకు మొదటి మూడును చాలును. భవనమునకు దన పేరు పెట్టుడని పెద్దమొత్తము నిచ్చువాని విషయమున నాలుగవది తప్పక విచారింపవలెను. ఏలన, అతని యపకీర్తి సంస్థను గూడ నంటును. వ్యాధి, కుటుంబకలహము, బిడ్డల వివాహములు మన విచారణకు దగినవి కావు. నేడు భూముల లెక్కలు, కంపెనీల నివేదికలు, అభ్యర్థుల యాస్తి ప్రమాణపత్రములు ఇంట గూర్చుండియే చూడవచ్చును. చూడ వీలున్నంత మాత్రమున నెల్ల చూడవలెనని లేదు. మన పుస్తకమున వ్రాసికొన్నదానిని దాత యెదుట సిగ్గుపడక విప్పి చూపగలమా? చూపలేనిదానిని వ్రాయరాదు.

ప్రతాపరెడ్డిగారు 1930లో జోగిపేటలో ప్రథమ నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన దివంగతులైరి. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ గ్రంథమున వారు పూర్వుల తిండి, బట్ట, ఆటపాటలనుగూడ శోధించిరి. గతించినవారి యిండ్లలోనికి చరిత్రకారుడు పోవచ్చును. బ్రదికియున్నవారి యింటికి చందాకై పోవువాడు చావడిలోనే నిలువవలెను. ఆలంపురసీమలో గ్రంథాలయములకును, బడులకును నేడు చందాలు కూర్చు యువకులు ఈ మేరను పాటింతురుగాక యని మా కోరిక.