సర్ ఎడ్వర్డ్ హెన్రీ

మన రామచంద్రపురమున రిజిస్ట్రారు కచేరికి దస్తావేజు వ్రాసి యిచ్చుటకు పోయినవాడు పట్టభద్రుడైనను బొటనవ్రేలిముద్ర వేయవలసినదే. అయినను వ్రేలిముద్ర చదువురానివాని గుర్తని మనవారు హేళన చేయుదురు. ఆ ముద్రలను చదువుటకే యెంత చదువు కావలసెనో ఈ చరిత్ర తెలుపును.

ఎడ్వర్డ్ హెన్రీ 1850వ సంవత్సరమున లండను నగరమందు జన్మించెను. 1873లో సివిలు సర్వీసున చేరి వంగదేశమునకు వచ్చి, 1891లో అచ్చటి పోలీసుశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలయ్యెను. ఆ కాలమున నేరస్థుడు పేరు మార్చుకొని వేరొక జిల్లాకు పోయిన, వాని నానవాలు పట్టుట దుర్లభము. ముఖపు పోలికను నమ్ముటయు ప్రమాదమే. లండనులో 1896లో అడాల్ఫ్ బెక్ అను నిరపరాధి పోలికవలననే చెరసాల పాలయ్యెను.

హెన్రీ మొదట దేహపు కొలతలు తీయించెను. కొలుచువాడు మారినపుడెల్ల కొలతయు మారుచుండుటచే వ్రేలిముద్రలపై దృష్టి నిలిపెను. కాని వేలకొలది ముద్రలలో కావలసినదానిని వెదకుట యెట్లు? ఆయన క్రింద పనిచేసిన కాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను వారు ఈ చిక్కు విప్పిరి. ప్రతి వ్రేలియందును చక్రమున్నదా, లేదా యని చూచినచో పదివ్రేళ్లకు 1024 విధములగును. ముద్రల కాగితములను ఆ వరుసను అరలలో నుంచిన, వెదకుట సులభము. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. పద్ధతికి మాత్రము హెన్రీ పేరే నిలిచెను. హక్ చేసిన సాయమును హెన్రీ తరువాతి కాలమున ఒప్పుకొనెను.

జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకుతోట మేనేజరు హత్య చేయబడెను. అచ్చటి పంచాంగముపైనున్న నెత్తుటిముద్ర, పూర్వము శిక్షపడిన పాత నౌకరు ముద్రతో సరిపోయెను. న్యాయస్థానము వానిని దొంగతనమునకు శిక్షించెను గాని, హత్యకు సాక్ష్యము చాలదనెను. ముద్ర వాడచ్చట నుండెనని తెలుపును. వాడేమి చేసెనో తెలుపదు. శోధనకుగల హద్దు నెరుగుటయు శోధనలో భాగమే.

1901లో హెన్రీ లండను పోలీసుశాఖకు పోయి, 1903 మొదలు 1918 వరకు కమీషనరుగా నుండెను. 1912లో బండి తోలుటకు లైసెన్సు దొరకని యొకడు ఆయనపై తుపాకి కాల్చెను. హెన్రీ బ్రతికి, వానియందు కనికరము చూపుమని న్యాయస్థానమును వేడెను. వాడు విడుదలయిన పిమ్మట కెనడా పోవుటకు ఖర్చు నిచ్చెను. 1931లో పరమపదించెను.

బాలురారా, బాలికలారా! గణితము పరీక్షకొరకే యని తలపకుడు. నిర్దోషిని విడిపించుటకు లాఠీ చేయలేని పనిని ఓపికగల లెక్క చేయగలదు. ఆ లెక్క వేసిన హక్, బోసులను హెన్రీతో కూడ జ్ఞప్తియందుంచుకొనుడు.