అలన్ ట్యూరింగ్: కంప్యూటర్‌కు దారి చూపిన మేధావి.. మందుతో ‘మార్చాలని’ చూశారు.. చివరికి ఏమైందంటే?

గే అవ్వడం జబ్బా? మందులతో తగ్గుతుందా? పెళ్లి చేస్తే అంతా సెట్ అవుతుందా? ఈ ప్రశ్నలు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి. 70 ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఒక మేధావి మీద వీటిని నిజంగానే ప్రయోగించి చూశారు. ఆయనే అలన్ ట్యూరింగ్.

ట్యూరింగ్ పుట్టింది 1912 జూన్ 23న, లండన్‌లో. కానీ ఆ కుటుంబానికి మన ప్రాంతంతో గట్టి లింకే ఉంది. తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఐసీఎస్ ఆఫీసర్. బళ్లారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పనిచేశారు, తెలుగు కూడా నేర్చుకున్నారు. తర్వాత పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం.. ఇలా బదిలీలే బదిలీలు. అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలో, ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఛత్రపూర్‌లో ఉండగా అలన్ తల్లి కడుపులో పడ్డారు. ప్రసవానికి ఆమె ఇంగ్లండ్ వెళ్లారు. ఆ తర్వాత తల్లిదండ్రులు ఇండియాలో, పిల్లలు ఇంగ్లండ్‌లో ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో.

షెర్‌బోర్న్ స్కూల్లో ట్యూరింగ్‌కి క్రిస్టఫర్ మార్కమ్ అనే సీనియర్ పరిచయమయ్యాడు. ఇద్దరికీ లెక్కలంటే, నక్షత్రాలంటే పిచ్చి. ట్యూరింగ్‌కి అది తొలి ప్రేమ. అటువైపు నుంచి మాత్రం స్నేహమే. 1930 ఫిబ్రవరిలో మార్కమ్ టీబీతో చనిపోయాడు. ట్యూరింగ్ వయసు అప్పుడు 17. హాస్టల్లో చేరితేనో, ఫ్రెండ్స్‌ని చూసో ఇలా అవుతారని చాలామంది అనుకుంటారు. మరి అదే స్కూల్లో, అదే స్నేహంలో ఉన్న ఇద్దరిలో ఒకరికే ఆ ఆకర్షణ ఎందుకు కలిగినట్టు? సావాసం వల్లో, పెంపకం వల్లో ఇది వస్తుందనడానికి ఆధారాల్లేవు.

1936లో, 24 ఏళ్లకే, ఆయన రాసిన పేపర్ ఇవాళ్టి కంప్యూటర్‌కు సిద్ధాంతపరంగా పునాది. యుద్ధం మొదలయ్యాక బ్లెచ్లీ పార్క్‌లో చేరారు. జర్మన్ల ఎనిగ్మా కోడ్‌ని ఛేదించే బాంబ్ అనే యంత్రాన్ని డిజైన్ చేశారు. పోలండ్ గణితవేత్తలు అంతకుముందే చేసిన పని దానికి ఆధారం. ఆ క్రెడిట్ వాళ్లకూ ఇవ్వాలి.

ఇక పెళ్లి సంగతి. 1941లో తోటి కోడ్‌బ్రేకర్ జోన్ క్లార్క్‌కి ట్యూరింగే ప్రపోజ్ చేశారు. తనకు మగవాళ్లంటే ఆకర్షణ అని వెంటనే చెప్పేశారు కూడా. ఆమె కంగారు పడలేదు. అయినా కొన్ని నెలలకే ఆయన నిశ్చితార్థం వద్దనుకున్నారు. ఇష్టం లేక కాదు, ఆమె అంటే చాలా అభిమానం. ఆ అభిమానం దాంపత్యంగా మారదని తెలిసి ఆగిపోయారు. ఆ తర్వాత కూడా ఇద్దరూ స్నేహితులుగానే ఉన్నారు. ఆ రోజుల్లో నిజం దాచిపెట్టి పెళ్లి చేసుకున్నా అడిగేవాళ్లే లేరు.

గే అంటే నాజూగ్గా ఉంటారనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. 1947లో ఆయన మారథాన్‌ని 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో పూర్తి చేశారు. మరుసటి ఏడాది ఒలింపిక్స్ విజేత టైమ్‌కీ దీనికీ తేడా సుమారు 11 నిమిషాలే!

అసలు విషాదం 1952లో. జనవరిలో మాంచెస్టర్ దగ్గర ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. ఆయనే పోలీసులకు ఫిర్యాదు చేశారు. విచారణలో ఒక యువకుడితో తనకున్న సంబంధం గురించి దాచకుండా చెప్పారు. అంతే, దొంగ సంగతి పక్కకుపోయి ఆయనే ముద్దాయి అయ్యారు. 1885 నాటి చట్టం కింద కేసు. మార్చి 31న కోర్టు ముందు రెండు దారులు: జైలు, లేదా ఏడాది పాటు హార్మోన్ మందు. ఆయన మందు ఎంచుకున్నారు.

ఇచ్చింది స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్. ఆ మందు కోరికను అణచివేయగలదు. కానీ ఆకర్షణ ఎవరి మీద కలుగుతుందన్నది దానితో మారదు. పరుగులు తీసే ఒంట్లో రొమ్ములు పెరిగాయి. లైంగిక సామర్థ్యం దెబ్బతింది. ట్యూరింగ్ మాత్రం మారలేదు. ఆ ఏడాది వేసవిలోనే నార్వే వెళ్లారు, అక్కడి యువకులతో స్నేహం చేశారు. రహస్య కోడ్‌ల పని మాత్రం పోయింది. దేశ భద్రతకు ఆయన ప్రమాదమట!

1954 జూన్ 8న ఇంట్లో మంచం మీద శవంగా కనిపించారు. అప్పటికి ఆయనకు ఇంకా 42 నిండలేదు. సైనైడ్ విషం, పక్కనే సగం తిన్న యాపిల్. విచారణలో ఆత్మహత్య అని తేల్చారు. ప్రమాదమే అని తల్లి చివరిదాకా నమ్మారు. ఆ యాపిల్‌ని అసలు పరీక్షే చేయలేదు. అన్నట్టు, ఐఫోన్ వెనకున్న కొరికిన యాపిల్ ఆయన గుర్తుగా పెట్టిందే అన్న ప్రచారం నిజం కాదు. లోగో గీసిన డిజైనరే కాదని చెప్పారు.

2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాజ క్షమాభిక్ష వచ్చింది. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ.

మన దేశంలోనూ బ్రిటిష్ వాళ్లు పెట్టిన సెక్షన్ 377 ఉండేది. పెద్దవాళ్లు పరస్పర సమ్మతితో ఉంటే అది నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మారుస్తామంటూ చేసే కన్వర్షన్ థెరపీ వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికే వస్తుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. అంటే ఏ డాక్టరైనా మందిచ్చి మారుస్తానంటే, ఆ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.