కాలినడక మహనీయుడు పునీత మోంట్‌ఫోర్ట్

కాజీపేట ఫాతిమానగర్‌లోని సెయింట్ గేబ్రియల్ ఉన్నత పాఠశాల పేరు వినని కుటుంబం మన ప్రాంతంలో అరుదు. 1955లో ఆ బడిని ప్రారంభించిన గేబ్రియల్ సహోదరులకు మూలపురుషుడు పునీత లూయీ మరియ ద మోంట్‌ఫోర్ట్. మొగుళ్లపల్లి వంటి పల్లెల నుండి బిడ్డలను చదువులకు పంపే మనం ఆయన చరిత్ర తెలుసుకొనుట అవసరం. బడి ఆవరణలో నెమ్మదిగా నడుస్తూ, అక్కడక్కడ ఆగి ఆయనను తలచుకుందాం. ఆయన జీవితమంతా నడకే గదా!

మొదట గేటు దగ్గర ఆగుదాం. మోంట్‌ఫోర్ట్ గారు 1673 జనవరి 31న ఫ్రాన్సు దేశపు బ్రిటనీ సీమలో, 18 మంది సంతానం కలిగిన న్యాయవాది ఇంట జన్మించారు. రెన్ పట్టణంలో యేసుసభ గురువుల వద్ద చదివి, ఇరువది ఏండ్ల ప్రాయంలో గురువిద్యకై పారిస్‌కు కాలినడకన బయలుదేరారు. దారిలో చేతి డబ్బు పేదలకు పంచి, తన కొత్త బట్టలు బిచ్చగానికిచ్చి, అతని చింకిబట్టలు తొడుక్కున్నారు.

వరండాలో మరికొంత ఆగుదాం. 1700 జూన్ 5న గురుపట్టం పొందిన ఆయన, మరుసటి ఏడు పొయితియే పట్టణంలోని అనాథాశ్రమ వైద్యశాలలో సేవకు చేరారు. అక్కడి పేద, రోగపీడిత యువతులను ఒక చిన్న సంఘంగా కూర్చి, ఒక అంధురాలిని దానికి పెద్దగా నియమించారు. లోకం పక్కకు నెట్టినవారికే ఆయన ముందుపీట వేశారు.

సిలువ గుర్తు కనబడిన చోట తలవంచుదాం. విదేశాలలో వేదబోధ చేయాలని 1706లో రోము నగరానికి నడచి వెళ్లగా, జగద్గురువులు 11వ క్లెమెంటు వారు ఆయనను స్వదేశానికే పంపారు. పోన్‌షాతోలో వేలాది ప్రజలు పదిహేను నెలలు శ్రమించి కట్టిన కల్వరి గుట్టను, 1710లో ఆశీర్వదించబోయే ముందునాడే నిషేధించారు. తరువాత రాజాజ్ఞపై పడగొట్టారు. ఆయన మనస్సు కుంగినా, నడక ఆగలేదు.

చివరగా తరగతి గది. 1714 ప్రాంతంలో లా రొషెల్ పట్టణంలో, పీఠాధిపతి అండతో, ఆయన పేదల బిడ్డలకు ఉచిత పాఠశాలలు తెరిచారు. బాలికల బడిని జ్ఞానపుత్రికల సభకు తొలి కన్య అయిన మరియ లూయీజా నడిపారు. ఉపాధ్యాయులు పిల్లల వద్ద గానీ, వారి తల్లిదండ్రుల వద్ద గానీ ప్రతిఫలం ఆశించరాదన్నది ఆయన నియమం.

1716 ఏప్రిల్ 28న, 43వ ఏట ఆయన కన్నుమూశారు. అప్పటికి వెంట ఉన్న సహోదరులు కొద్దిమందే. 1821 నుండి గేబ్రియల్ దెషాయె గురువుల ఆధ్వర్యంలో వారి సంఖ్య పెరిగింది. 1903లో వారు భారతదేశానికి వచ్చారు. 1947లో మోంట్‌ఫోర్ట్ గారు పునీతులుగా ప్రకటింపబడ్డారు.

నేడు జీతాలకు, భవనాలకు సొమ్ము కావాలి. ఫీజులు లేకుండా బడి నడపడం సులువు కాదు. ఐనను, కైస్తవ బడి గొప్పతనాన్ని ర్యాంకులతో మాత్రమే కొలవరాదు. ఫీజు కట్టలేని కూలివాని బిడ్డ గేటు దగ్గరకు వస్తే, ఆ బిడ్డను లోపలికి పిలిచేవారున్నారా? తిరిగి వచ్చేటప్పుడు ఈ ఒక్క ప్రశ్నను వెంట తెచ్చుకుంటే మన నడక సార్థకం.