సైకిల్ గేరుకు ప్రాణం పోసిన తుల్లియో కంపాన్యోలో

వార్షికోత్సవ సంచికలో నాయకుల జీవితాలు, శాస్త్రవేత్తల జీవితాలు చాలా చదివాం. ఈసారి సైకిల్ సామాన్లు చేసిన ఒకాయన గురించి రాస్తున్నాను. సైకిల్ తొక్కి బడికెళ్ళిన మనకు ఆయన పరాయివాడు కాదు.

తుల్లియో కంపాన్యోలో 1901లో ఇటలీలోని విచెంజాలో జన్మించారు. తండ్రిది ఇనుప సామాన్ల కొట్టు. కుర్రతనంలో తుల్లియో సైకిల్ పందేలకు వెళ్ళేవారు. అప్పటి పందెం సైకిల్‌కు వెనక చక్రానికి అటొకటి, ఇటొకటి పళ్ళ చక్రాలుండేవి. కొండ ఎక్కాలంటే దిగి, రెక్కల నట్లు విప్పి, చక్రాన్ని తిప్పి బిగించుకోవాలి. 1927 నవంబరులో క్రోచె దావునె కనుమ దగ్గర మంచులో వేళ్ళు కొంకర్లుపోయి ఆ నట్లు ఊడిరాలేదనీ, పందెం చేజారిందనీ కంపెనీవారు చెబుతారు. ఈ కథను చరిత్ర రాసేవాళ్ళు కొందరు నమ్మరు. ఏమైనా, మీట తిప్పితే చక్రం ఊడివచ్చే క్విక్ రిలీజ్‌కు ఆయన పేరే నిలిచింది.

1933లో విచెంజాలోనే కంపెనీ పెట్టారు. 1948లో జీనో బర్తాలి టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది ఆయన గేరుతోనే. కానీ ఆ గేరు మార్చాలంటే చెయ్యి వెనక్కి చాచి రెండు కడ్డీలు తిప్పాలి, పెడల్ వెనక్కి తొక్కాలి! 1951 నుంచి అమ్మిన గ్రాన్ స్పోర్ట్‌తో ఆ తిప్పలు పోయాయి. ఫ్రేము గొట్టం మీది చిన్న లివర్ జరిపితే, తీగ లాగి చైనును పక్క పళ్ళ మీదికి నెడుతుంది.

1967లో అల్యూమినియంతో నూవో రికార్డ్ వచ్చింది. ఎడ్డీ మెర్క్స్ టూర్‌లు గెలిచింది ఆ సామాన్లతోనే. ధర మామూలువాడికి అందేది కాదు. మరి అంత డబ్బుకు విలువ ఉందా? నా మట్టుకు ఉందనే అంటాను. ఆ లివర్‌లో ఉన్నది ఒక మర, కొన్ని వాషర్లు. వదులైతే వేళ్ళతోనే బిగించుకోవచ్చు. అరిగిన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. అలాగని అన్నీ వజ్రాలు కావు. పాత క్రాంకులు కొన్ని ఏళ్ళు గడిచాక మొదట్లో బీటలు వారేవి. కొనేవాళ్ళు నేటికీ ముందు అక్కడే చూస్తారు.

తుల్లియో 1983లో కన్నుమూశారు. కొడుకు వాలెంతీనో కంపెనీ నడిపారు. జపాన్‌కు చెందిన షిమానో 1990లో బ్రేకు, గేరు ఒకే లివర్‌లో పెట్టింది. 1992లో కంపాన్యోలో కూడా ఎర్గోపవర్ పేరుతో అలాంటిదే తెచ్చింది. లోపల చిన్న స్ప్రింగులు అరుగుతాయి; ఆ కాలపు ఎర్గోపవర్‌ను మాత్రం విప్పి, ఆ స్ప్రింగులే మార్చి మళ్ళీ వాడుకోవచ్చు. షిమానో లివర్ లోపల పాడైతే సాధారణంగా మొత్తం మార్చాల్సిందే. చౌకగా కొని రెండుసార్లు పారేసినవాళ్ళకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇటలీలోని గయోలె ఊళ్ళో 1997 నుంచి ఎరోయికా అనే సైకిల్ యాత్ర జరుగుతోంది. 1987కు ముందు తయారైన పందెం సైకిళ్ళకే అందులో ప్రవేశం. తాతల నాటి నూవో రికార్డ్ లివర్లు జరుపుకుంటూ, మట్టిరోడ్ల మీద వందల కొద్దీ జనం ఆ కొండలెక్కుతారు.