ఆనందీబాయి జోషీ

ఏటేట మన పాఠశాల విడిచి పైచదువులకు దూరప్రదేశములకు బోవు బాలబాలికలను మేము సాగనంపుచుందుము. వారి కన్నులలో సంతోషముతోపాటు భయమును గూడ జూచుచుందుము. అట్టివారి కొఱకే యీ చరిత్రమును వ్రాయుచున్నాము.

ఆనందీబాయి 1865 మార్చి 31వ తేదీన బొంబాయి చేరువనున్న కల్యాణ పట్టణమున, మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబమున జనించెను. పుట్టింటి పేరు యమున. తొమ్మిదవ యేట గోపాలరావు జోషీ యను తపాలా యుద్యోగితో వివాహమయ్యెను. భార్యకు విద్య గఱపవలెనని యాతనికి పట్టుదల మెండు. పదునాలుగవ యేట నామెకు గలిగిన మగశిశువు తగిన వైద్యము లేక పదిదినములకే గతించెను. ఆ దుఃఖమే యామెకు వైద్యవిద్యపై మనసు గలిగించెను.

గోపాలరావు సహాయముగోరి అమెరికాలోని వైల్డరను మిషనరీకి వ్రాసెను. మతము మార్చుకొన్నచో సహాయము దొరకునని యాయన సూచించి, యా యుత్తరములను తన పత్రికలో బ్రకటించెను. కార్పెంటరను దొరసాని వానిని జదివి, యే నిబంధనయు బెట్టక తన యింట నుండుటకు రమ్మనెను. మిషను పాఠశాలవారమైన మేము ఈ సంగతిని దాచక చెప్పుచున్నాము. ప్రేమకు బేరము తగదుగదా.

సముద్రము దాటిన కులము పోవునని కొందఱును, పదునెనిమిదేండ్ల యిల్లాలు భర్త తోడు లేక పోరాదని కొందఱును నిందించిరి. ఆమె 1883లో శ్రీరామపురపు కళాశాలలో సభయెదుట నిలిచి, ఒంటరిగా నేల పోవలెను, మరలివచ్చిన వెలివేయరా, ఆపద వచ్చిన నేమి గతి యను ప్రశ్నలను దానే యెత్తుకొని, యొక్కొక్కదానికి సమాధానము చెప్పెను. భయము లోలోన దాచుకొన్న బెరుగును; నలుగురిలో విప్పి విచారించిన దఱుగును.

ఆ యేప్రిలులో కలకత్తాలో నోడయెక్కి, జూనులో న్యూయార్కు చేరెను. కార్పెంటరు దొరసాని యామెను కన్నబిడ్డవలె నాదరించెను. ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో జేరి, గడ్డకట్టు చలిలోను చీరను, శాకాహారమును విడువక చదివెను. ఆరోగ్యము చెడి క్షయ సోకినను చదువు మానలేదు. 1886 మార్చి 11వ తేదీన వైద్యపట్టమును బొందెను. ఆ సభకు భర్తయు, పండిత రమాబాయియు వచ్చిరి.

కొల్హాపురపు ఆసుపత్రిలో స్త్రీల విభాగమునకు వైద్యురాలిగా నామెను నియమించిరి. కాని యామె వ్యాధితోడనే స్వదేశము చేరి, యా పదవిని చేపట్టకయే, 1887 ఫిబ్రవరి 26వ తేదీన పూనాలో మరణించెను. అప్పటికి ఇరువదిరెండేండ్లైనను నిండలేదు. ఆమె చితాభస్మమును కార్పెంటరు కుటుంబమువారు న్యూయార్కు రాష్ట్రమందలి పొకీప్సీలో తమవారి సమాధుల నడుమ నుంచిరి.

లోకులు భయపెట్టిన యాపద నిజముగనే వచ్చెను. ఐనను ఆమె ప్రయాణము వ్యర్థమని మేము చెప్పజాలము. రఖ్మాబాయి 1889లో లండనుకు బోయి, 1894లో వైద్యురాలై మరలివచ్చి, సూరతు పట్టణమున స్త్రీలకు జికిత్స చేసెను. ముందు నడచినవారి యడుగులు వెనుక వచ్చువారికి బాట యగును.

బాలబాలికలారా! మీకు భయము కలుగుట తప్పుగాదు. దానిని దాచక పెద్దలతో జెప్పుకొనుడు. తల్లిదండ్రులారా! బిడ్డలు చెప్పుకొన్నప్పుడు నవ్వక వినుడు. పరాయిబిడ్డకు దలుపు తెఱచిన యా దొరసానిని గూడ మనమందఱము జ్ఞాపకముంచుకొందము గాక.