ఖైబర్ విజేత హజ్రత్ అలీ

కోటను గెలవడం ఒక ఎత్తు. గెలిచిన తరువాత ఓడినవారిపట్ల న్యాయంగా నడచుకోవడం మరొక ఎత్తు. ఈ రెండింటా పేరు పొందిన మహావీరుడు హజ్రత్ అలీ. తెలుగు పల్లెలలో పీర్ల పండుగనాడు తలచుకొనే హసన్, హుసేన్‌లు ఆయన కుమారులే.

అలీ క్రీ.శ. 600 ప్రాంతంలో అరేబియాలోని మక్కా నగరంలో జన్మించారు. ఆయన తండ్రి అబూ తాలిబ్, మహమ్మదు ప్రవక్త తండ్రికి సోదరుడు. మక్కాలో కరవు వచ్చినపుడు అబూ తాలిబ్‌కు సంసారభారం తగ్గించాలని ప్రవక్త బాలుడైన అలీని తమ ఇంటికి తెచ్చుకొని పెంచారు. ఇస్లాంను మొట్టమొదట స్వీకరించినవారిలో అలీ ఒకరు.

క్రీ.శ. 622లో మక్కాలోని విరోధులు ప్రవక్తను చంపడానికి పన్నాగం పన్నారు. ఆ రాత్రి ప్రవక్త పడకపై అలీ నిర్భయంగా పడుకున్నారు. ప్రవక్త క్షేమంగా మదీనాకు బయలుదేరారు. మక్కావాసులు ప్రవక్తవద్ద దాచుకొన్న సొమ్ము ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. అలీ దానిని ఎవరిది వారికి అప్పగించి, ఆ తరువాతనే మదీనాకు వెళ్ళారు. అక్కడ ప్రవక్త కుమార్తె ఫాతిమాతో ఆయన వివాహం జరిగింది.

మదీనాకు ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఖైబర్ ఉంది. కోరాపుట్ నుండి కకిరిగుమ్మ మీదుగా రాయగడకు రైలులో ఎంత దూరమో ఇంచుమించు అంత దూరం. ఇది ఒక ఒయాసిస్సు. ఎడారి నడుమ నీటి ఊటలతో పచ్చగా ఉండే చోటును ఒయాసిస్సు అంటారు. పాకిస్తాన్‌లోని ఖైబర్ కనుమ వేరు, ఈ ఖైబర్ వేరు. ఇక్కడ యూదులు ఖర్జూరపు తోటలు పెంచుకొంటూ, ఎత్తయిన బండలపై కోటలు కట్టుకొని నివసించేవారు. క్రీ.శ. 625లో మదీనా నుండి వెళ్ళగొట్టబడిన బనూ నజీర్ అనే యూదు తెగవారిలో కొందరు ఇక్కడికే వచ్చి చేరారు. 627లో మక్కావారు మదీనాను ముట్టడించినపుడు ఆ తెగ నాయకులు వారికి తోడ్పడ్డారు. ఆ విధంగా ఇరుపక్షాల మధ్య పగ పెరిగింది.

628లో ప్రవక్త సుమారు 1,600 మందితో ఖైబర్‌పై దండెత్తారు. కోటలు ఒకదాని వెంట ఒకటి లొంగుతున్నా, అల్ ఖమూస్ అనే కోట మాత్రం లొంగలేదు. ఆ సమయంలో అలీ కండ్లకలకతో బాధపడుతున్నారు. అయినా ప్రవక్త ఆయననే పిలిపించి జెండాను చేతికిచ్చారు. కత్తి దూయకముందు వారిని శాంతియుతంగా పిలిచి చూడవలసిందని చెప్పి పంపారు. కోటలోని మేటి వీరుడు మర్హబ్‌ను అలీ ద్వంద్వయుద్ధంలో ఓడించారనీ, డాలు చేజారగా కోట తలుపునే డాలుగా పట్టి పోరాడారనీ సంప్రదాయ కథలు చెబుతాయి. చివరకు కోట లొంగిపోయింది.

ఈ యుద్ధంలో ఇరువైపులా ప్రాణాలు పోయాయి. ఓడినవారు భూములపై హక్కును కోల్పోయారు. కాని తోటల సేద్యం తెలిసినవారు వారే. కనుక పంటలో సగపాలు మదీనాకు ఇచ్చే షరతుపై వారు అక్కడే ఉండి సాగు చేసుకోవడానికి సంధి కుదిరింది. పంటను అంచనా వేయడానికి అబ్దుల్లా ఇబ్న్ రవాహా వచ్చేవాడు. ఆయన దానిని రెండు భాగాలు చేసి, ఏది కావాలో కోరుకొనే అవకాశం ఖైబర్ రైతులకే ఇచ్చేవాడని చెబుతారు. అయితే ఆ ఏర్పాటు శాశ్వతం కాలేదు. ఖలీఫా ఉమర్ కాలంలో (634-644) ఖైబర్ యూదులు ఆ ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది.

656లో అలీ నాలుగవ ఖలీఫా అయ్యారు. ఆ ఏడే బస్రావద్ద అంతర్యుద్ధం జరిగింది. ప్రవక్త భార్య ఆయిషా ఎదుటిపక్షంలో ఉన్నారు. గెలిచిన అలీ ఆమెను సగౌరవంగా మదీనాకు పంపించారు. ఓడినవారి ఇండ్లను దోచుకోరాదని తమ సైన్యాన్ని శాసించారు.

ఆయన న్యాయబుద్ధిని తెలిపే కథ ఒకటి ప్రసిద్ధం. అలీ పోగొట్టుకొన్న కవచం ఒక యూదునివద్ద కనిపించింది. కొన్ని కథనాలలో అతడు క్రైస్తవుడు. రాజ్యాధినేత అయి ఉండీ అలీ దానిని బలవంతంగా తీసుకోలేదు. సామాన్యునివలె న్యాయాధికారి షురైహ్ ఎదుట నిలబడ్డారు. తగిన సాక్ష్యం లేనందున తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. అలీ ఆ తీర్పును తలవంచి స్వీకరించారు. ఆ నిజాయితీకి చలించిపోయిన ఎదుటివాడు తానే కవచాన్ని తిరిగి ఇచ్చాడట.

661లో కూఫా నగరపు మసీదులో ప్రార్థన వేళ ఇబ్న్ ముల్జమ్ అనేవాడు విషం పూసిన కత్తితో అలీని గాయపరచాడు. పట్టుబడిన ఆ హంతకునికి కడుపునిండా అన్నం పెట్టాలనీ, అతనిని హింసించరాదనీ అలీ తమవారిని ఆదేశించారని చరిత్రకారులు వ్రాశారు. రెండు రోజుల తరువాత ఆయన కన్నుమూశారు. ఆయన సమాధి ఇరాక్‌లోని నజఫ్ నగరంలో ఉన్నదని నమ్మకం.

అలీ మన దేశానికి ఎన్నడూ రాలేదు. అయినా హైదరాబాదులోని ఒక కొండకు మౌలాలి అనే పేరు ఆయనవల్లనే వచ్చింది. ఆ కొండమీది దర్గా కుతుబ్‌షాహీల కాలంనాటిది. ఏటా ఉత్సవం నాడు అన్ని మతాలవారూ మెట్లెక్కి అక్కడికి వెళతారు.

ఖైబర్ కోటలు నేడు శిథిలమైపోయాయి. తీర్పు తమకు ప్రతికూలమైనా శిరసావహించిన పాలకుని కథ మాత్రం నేటికీ నిలిచి ఉంది. బలం చేతిలో ఉన్ననాడు న్యాయానికి కట్టుబడి ఉండడమే నిజమైన వీరత్వమని హజ్రత్ అలీ జీవితం మనకు తెలుపుతున్నది.