పసిగొంతుల్లో ఊపిరి నిలిపిన డాక్టర్ ఓడ్వయర్

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాయమని సంఘం మిత్రులు అడిగారు. ఇంజనీరుని కాబట్టి విశ్వేశ్వరయ్య గారి గురించి రాస్తాననుకుని ఉంటారు. నేను మాత్రం జోసెఫ్ ఓడ్వయర్ అనే పిల్లల డాక్టరును ఎంచుకున్నాను. దానికో కారణం ఉంది.

పోయిన ఏడాది మా మేనకోడలి నాలుగేళ్ల కొడుక్కి టాన్సిల్స్ ఆపరేషన్ అయింది. మత్తులో ఉన్నంతసేపూ బాబుకి ఊపిరి ఆడేందుకు గొంతులోకి దించే గొట్టాన్ని మత్తు డాక్టరు గారు ముందురోజు నాకు చూపించారు. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లు. ముప్ఫై ఏళ్లుగా పైపుల లెక్కలు కట్టి బతుకుతున్న నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సన్నని గొట్టంలో వ్యాసం సగమైతే గాలికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. పసిగొంతులో కాస్త వాపు వచ్చినా ప్రాణం మీదికి వచ్చేది అందుకే. ఇలాంటి గొట్టాన్ని పిల్లలకు పనికొచ్చేలా చేసిందెవరని వెతికితే ఓడ్వయర్ కథ దొరికింది.

ఆయన 1841లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, ఐరిష్ కుటుంబంలో పుట్టారు. కెనడాలో పెరిగి, న్యూయార్క్‌లో వైద్యం చదివారు. 1872లో ఆ నగరంలోని అనాథ శిశువుల ఆశ్రమంలో వైద్యుడిగా చేరారు. అప్పట్లో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, పిల్లల పాలిట యముడు. గొంతులో పొర పెరిగి గాలి దారి మూసుకుపోయేది. మిగిలింది ఒకటే మార్గం, మెడ దగ్గర గాటు పెట్టి రంధ్రం చేయడం. ఆ ఆశ్రమంలో అలా చేసినా పిల్లలు దక్కలేదు.

కత్తి లేకుండా నోటి గుండానే గొట్టం దించలేమా అని ఓడ్వయర్ 1880 ప్రాంతంలో పని మొదలుపెట్టారు. 1858లోనే పారిస్‌లో బూషు అనే డాక్టరు ఇలాంటిదే చేస్తే అక్కడి పెద్దలు కొట్టిపారేశారు. ఆ సంగతి ఈయనకు తెలియదు. మొదట రెండు రెక్కల పరికరం చేశారు. రెక్కల సందులోంచి వాపు లోపలికి చొచ్చుకొచ్చింది. గుండ్రటి గొట్టం చేశారు. పిల్లలు దగ్గితే అది బయటికి వచ్చేసింది. అప్పుడు గొట్టం నడుము దగ్గర ఉబ్బు పెట్టారు. లోపలికి జారిపోకుండా పైన అంచు పెట్టారు. వయసును బట్టి సైజులు, వాటికో కొలబద్ద, దించడానికి ఒక పనిముట్టు, తీయడానికి మరొకటి తయారుచేశారు. ఇదంతా 1885లో లోకానికి ప్రకటించారు.

నా ఉద్యోగంలో ట్రయల్ ఫెయిలైతే ఆ ముక్క స్క్రాపులోకి పోతుంది. ఆయన ట్రయల్ ఫెయిలైతే ఒక బిడ్డ పోయేది. అయిదేళ్లపాటు ఆ బరువు మోస్తూ, మర్నాడు మళ్లీ ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకోవడం నాకు సాధ్యమయ్యేదా? కాదేమో. అయితే ఆయన వదిలేసి ఉంటే ఆ పిల్లలకు వేరే దిక్కు లేదు.

నన్ను ఎక్కువగా కదిలించింది తర్వాతి సంగతి. 1890లలో డిఫ్తీరియాకు విరుగుడు మందు వచ్చింది. అది పనిచేస్తే తన గొట్టం అవసరమే తగ్గిపోతుంది. అయినా ఆ మందును ముందుగా ఆహ్వానించినవారిలో ఆయన ఒకరు. గొట్టం మాత్రం మూలపడలేదు. దాన్ని డాక్టర్ ఫెల్ గాలితిత్తికి కలిపారు. న్యూ ఆర్లీన్స్‌లో మాటాస్ అనే సర్జన్ ఆ పరికరాన్ని మత్తు ఇచ్చి చేసే ఛాతీ ఆపరేషన్లకు మలిచారు. అలా అది ఆపరేషన్ గదిలోకి వచ్చింది.

ఓడ్వయర్ 1898లో, 56 ఏళ్లకే కన్నుమూశారు. ఇప్పుడు నా వయసూ అంతే.

మన బడి వర్క్‌షాపులో మాస్టారు ఇనపముక్క సరిగా అమరకపోతే మళ్లీ ఆకురాయి చేతికిచ్చేవారు. మూడోసారి, నాలుగోసారి కూడా. అప్పుడు విసుక్కునేవాణ్ణి. ఆపరేషన్ అయిన సాయంత్రం మా బాబు ఐస్‌క్రీం కోసం మారాం చేస్తుంటే, మాస్టారు నేర్పిన పాఠం ఏమిటో నాకు అర్థమైంది.